పెరుగుతున్న శివారు రోడ్డు మీద మెట్రో, బీఆర్‌టీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరం అంచు నుంచి బయటికి సాగే పెద్ద రోడ్డు పక్కన కొత్త లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు, కాలేజీలు, గోదాములు వరసగా వస్తుంటాయి. ఒకరోజు "ఈ రూట్లో మెట్రో వస్తుందట" అన్న మాట మొదలవుతుంది. ఆ రోజు నుంచి ఏ సమావేశానికి వెళ్లినా దాదాపు అవే సందేహాలు వినిపిస్తాయి. వాటికి జవాబులన్నీ ఒకచోట ఉండాలని ఈ పేజీ తయారుచేశాం. ఇక్కడ బీఆర్‌టీ (బస్ రాపిడ్ ట్రాన్సిట్) అంటే బస్సులకే కేటాయించిన విడి దారిలో వేగంగా నడిచే బస్సు సర్వీసు. ప్రశ్నలను పని జరిగే దశల ప్రకారం విడదీశాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇంకా ఏమీ తేలని రోజుల్లో

మా రోడ్డు పక్కన ఇంకా సగం ఖాళీ స్థలాలే. ఇప్పుడే దీని గురించి మాట్లాడటం తొందరపాటు కాదా?

కట్టడానికి తొందర కావచ్చు, స్థలం దాచుకోవడానికి మాత్రం ఇదే సమయం. రోడ్డు వెడల్పు హద్దు, స్టేషన్లు వచ్చే చోట్లు, బండ్లు నిలిపే డిపో స్థలం ఇప్పుడు మ్యాపు మీద గీత గీసి ఉంచితే చాలు. పదేళ్ల తర్వాత అదే గీత మీద ఇళ్లు ఉంటాయి, వాటిలో మనుషులు ఉంటారు.

జపాన్‌లో టోక్యో నైరుతి శివారును ఇలాగే తీర్చిదిద్దారు. టోక్యూ అనే ప్రైవేటు రైల్వే కంపెనీ 1950ల్లో అక్కడి పొలాల యజమానులతో కలిసి భూముల పునర్విభజన మొదలుపెట్టింది. యజమానులు తమ భూమిలో కొంత వదులుకున్నారు. బదులుగా రోడ్లు, డ్రైనేజీ ఉన్న ప్లాట్లు తీసుకున్నారు. విస్తీర్ణం తగ్గినా వాటి విలువ పెరిగింది. వదులుకున్న భూమిలోంచే రోడ్లకు, ఇతర వసతులకు చోటు దొరికింది. డెన్ఎన్‌తోషి లైను 1966లో అక్కడికి చేరింది. జనం ఎక్కువగా వచ్చింది ఆ తర్వాతే.

రోడ్డును ఆరు లేన్లో ఎనిమిది లేన్లో చేస్తే సరిపోదా?

కొన్నాళ్లు సరిపోతుంది. తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఖాళీగా కనిపించే రోడ్డు కొత్త ప్రయాణాలను పిలుస్తుంది. వేరే దారిలో వెళ్లేవాళ్లు ఇటు వస్తారు, వేరే వేళల్లో వెళ్లేవాళ్లు రద్దీ వేళకు మారతారు, ఇంకా దూరంగా ఇళ్లు కొనుక్కుంటారు. అమెరికా నగరాల మీద డురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, లేన్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా సుమారు అంతే శాతం పెరిగిందని తేలింది. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేని 2008 నాటికి, సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్ల దాకా విస్తరించారు. కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణ సమయాలు మళ్లీ పెరిగాయి.

ఇంకో లెక్క కూడా చూడండి. అమెరికా నగర రవాణా అధికారుల సంఘం, నాక్టో, అంచనా ప్రకారం సుమారు మూడు మీటర్ల వెడల్పున్న ఒక లేన్‌లో సొంత వాహనాలే తిరిగితే గంటకు 600 నుంచి 1,600 మంది వెళ్లగలరు. అదే లేన్‌ను బస్సులకే కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది వెళ్లగలరు. విస్తరణకు మేం వ్యతిరేకం కాదు. విస్తరించినప్పుడు కలిసొచ్చిన కొత్త లేన్‌ను ఎవరికిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

అసలు ఎంత జనం ఉంటే ఇది నిలబడుతుంది?

మొత్తం మండలం జనాభా చూసి చెప్పలేం. స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో, అంటే సుమారు 800 మీటర్ల లోపల, ఎంతమంది ఉంటున్నారు, ఎంతమంది పనికి వస్తున్నారు అన్నది చూడాలి. కారిడార్, అంటే లైను వెళ్లే దారి, రెండు కొసల్లోనూ గమ్యాలు ఉంటే ఇంకా మంచిది. ఉదయం అందరూ నగరంలోకే వెళ్లి, సాయంత్రం అందరూ బయటికే వచ్చే దారిలో బండ్లు సగం ట్రిప్పులు ఖాళీగా తిరుగుతాయి. మధ్యలో కాలేజీ, ఆసుపత్రి, మార్కెట్ ఉంటే రోజంతా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఉంటారు.

ఈ రోజు అదే రోడ్డు మీద తిరిగే బస్సుల్లో, షేర్ ఆటోల్లో తలలు లెక్కపెట్టడం అన్నిటికన్నా నమ్మకమైన మొదటి అడుగు. ఆ లెక్క లేకుండా తయారైన నివేదికను నేనైతే పక్కన పెడతాను.

నివేదికలో రాసిన ప్రయాణికుల సంఖ్యను నమ్మవచ్చా?

జాగ్రత్తగా చదవాలి. పెద్ద ప్రాజెక్టుల మీద పరిశోధన చేసే బెంట్ ఫ్లివ్‌బ్యర్గ్, ఆయన సహచరులు పలు దేశాల రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రైలు ప్రాజెక్టుల్లో నిజంగా ఎక్కినవాళ్లు సగటున అంచనాలో సగం మందే. అంచనాలు వేసేవాళ్లకు లెక్కలు రాక కాదు. ప్రాజెక్టు మంజూరు కావాలన్న ఒత్తిడి అంకెలను పైకి నెడుతుంది.

కాబట్టి టికెట్ ధర ఎంత అనుకున్నారు, స్టేషన్లకు చేర్చే ఫీడర్ బస్సులు మొదటి రోజు నుంచే ఉంటాయని అనుకున్నారా, పక్కన రాబోయే భవనాలన్నీ అనుకున్న ఏడాదికి పూర్తవుతాయని అనుకున్నారా అని అడగండి. జనం సగమే వస్తే లెక్క ఎలా ఉంటుందో చూపించమని అడగండి. ఆ పేజీ లేకపోతే నివేదిక పూర్తి కానట్టే.

## ఏ బండి, ఏ దారి

మెట్రోనా, బీఆర్‌టీనా, ట్రామా? ఏది మంచిది?

అందరూ బండి పేరు అడుగుతారు. ప్రయాణికుడి సమయాన్ని నిర్ణయించేది మాత్రం ఆ బండి నడిచే దారి. ట్రాఫిక్‌లో చిక్కుకున్న ట్రామ్ కన్నా విడి దారిలో నడిచే బస్సే ముందు చేరుతుంది. దారిలో ఇంకెవరూ రాకూడదు, బండి కోసం ఎక్కువసేపు నిలబడకూడదు, ప్లాట్‌ఫామ్ మీదే టికెట్ అయిపోవాలి, ప్లాట్‌ఫామూ బండి నేలా ఒకే ఎత్తులో ఉండాలి. ఈ నాలుగూ ఉంటే బస్సు కూడా రాపిడ్ ట్రాన్సిట్టే.

ఆ తర్వాత చూడాల్సింది ఎంతమందిని మోయాలన్నది. రద్దీ గంటలో ఒకే దిశలో కొన్ని వేల మంది వెళ్లే దారికి బీఆర్‌టీ గానీ ట్రామ్ గానీ చాలు. చైనాలో గ్వాంగ్‌ఝౌ నగరం 2010లో సుమారు 23 కిలోమీటర్ల బీఆర్‌టీతో గంటకు ఒక దిశలో 25,000 మందికి పైగా మోసి చూపించింది. కొలంబియాలోని బొగోటాలో 2000 డిసెంబరులో మొదలైన ట్రాన్స్‌మిలేనియో అనే బీఆర్‌టీ అంతకన్నా ఎక్కువ మందినే మోసింది. స్టేషన్ల దగ్గర ఒక బస్సు ఇంకో బస్సును దాటిపోయేలా అదనపు లేన్ వేయడం వల్లే అది కుదిరింది. ఆ లేన్‌కు చోటు లేని రోడ్డు మీద అంత జనాన్ని బస్సుతో మోస్తామంటే నమ్మకండి. గంటకు 30,000 దాటి, ఇంకా పెరుగుతుందని నిజంగా తేలితే మెట్రో గురించి మాట్లాడటం సబబే.

శివారు కారిడార్లలో చాలావాటికి మొదటి ఇరవై ఏళ్లు మంచి బీఆర్‌టీ సరిపోతుందన్నది నా అభిప్రాయం.

జనం "మాకు బస్సు వద్దు, మెట్రో కావాలి" అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

ముందు వాళ్ల మాట వినాలి. ఎప్పుడొస్తుందో తెలియని, వచ్చినా కాలు పెట్టే చోటు లేని బస్సులోనే వాళ్లు ఇన్నేళ్లూ తిరిగారు. మెట్రో అన్నప్పుడు వాళ్లు అడుగుతున్నది టైముకు చేరే భరోసా, కాస్త గౌరవంగా నిలబడే చోటు. అవి బస్సులోనూ ఇవ్వవచ్చు. అయితే ఎర్ర రంగు పూసిన లేన్, కొత్త పేరు పెట్టిన పాత బస్సు ఇచ్చి బీఆర్‌టీ అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు.

ముందు బస్సు పెట్టి, తర్వాత రైలుగా మారుస్తామంటున్నారు. జరిగే పనేనా?

జరుగుతుంది, తేలిగ్గా మాత్రం కాదు. కెనడా రాజధాని ఒటావాలో బస్సుల విడి దారి మొదటి ముక్కలు 1983లో తెరుచుకున్నాయి. ఆ దారిలో ప్రధాన భాగం మీద 2019లో లైట్ రైలు వచ్చింది. రైలు పనులు జరిగినన్నాళ్లూ ఆ బస్సులు మామూలు వీధుల్లోకి రావాల్సి వచ్చింది, ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

నిజంగా మార్చే ఉద్దేశం ఉంటే మొదటి డ్రాయింగ్‌లోనే తెలిసిపోతుంది. మలుపులు రైలు తిరిగేంత విశాలంగా ఉండాలి. వంతెనలు రైలు బరువు మోయాలి. బస్ లేన్ కింద నీటి, మురుగు పైపులు ఉండకూడదు. ఇవేవీ లేకుండా "తర్వాత చూద్దాం" అంటే తర్వాత ఏమీ రాదు.

మొత్తం కట్టడానికి డబ్బు లేదు. కొంచెం కొంచెంగా చేయవచ్చా?

చేయవచ్చు. టొరంటోకు ఉత్తరాన ఉన్న యార్క్ రీజియన్ పూర్తిగా శివారు ప్రాంతం, కార్ల కోసమే పుట్టిన రోడ్లు. అక్కడ 2005లో వివా పేరుతో తక్కువ స్టాపులు, మెరుగైన బస్సులతో మామూలు ట్రాఫిక్‌లోనే సర్వీసు మొదలుపెట్టారు. జనం అలవాటు పడ్డాక, 2013 నుంచి హైవే 7 మీద రోడ్డు మధ్య విడి లేన్లు ముక్కలు ముక్కలుగా తెరిచారు.

ముక్కలుగా కట్టేటప్పుడు మొదట ఏ ముక్క అన్నది ముఖ్యం. ఖాళీగా ఉన్న చోట కట్టడం సులువు, కానీ అక్కడ బస్సు ఎలాగూ ఆగదు. బస్సు ఎక్కువసేపు ఇరుక్కునే జంక్షన్ దగ్గర ముందు మొదలుపెట్టాలి.

హైవే మధ్యలో బోలెడు చోటు ఉంది. లైను అక్కడే వేస్తే చవక కదా?

కట్టేటప్పుడు చవకే. ఆ తర్వాత యాభై ఏళ్లు ప్రయాణికులు హైవే మధ్యకు నడిచి వెళ్లాలి.

వాషింగ్టన్ పక్కన ఉన్న ఆర్లింగ్టన్ కౌంటీకి సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది. మొదటి ఆలోచన ప్రకారం మెట్రో ఐ-66 హైవే వెంట వెళ్లాలి. కౌంటీ పట్టుబట్టి, ఖర్చు ఎక్కువైనా, లైనును పాత దుకాణాల వీధి కిందికి మళ్లించింది. రాస్లిన్ నుంచి బాల్‌స్టన్ దాకా లైను 1979 చివర్లో పూర్తయింది. స్టేషన్ల దగ్గర మాత్రమే ఎత్తయిన భవనాలకు అనుమతి ఇచ్చి, కొద్ది వీధుల అవతల ఉన్న ఇళ్ల కాలనీలను ముట్టుకోలేదు. ఇప్పుడు అక్కడ స్టేషన్‌కు నడిచి వచ్చేవాళ్లే ఎక్కువ. అదే లైనులో 1986లో తెరిచిన పడమటి స్టేషన్లు హైవే మధ్యలోనే ఉన్నాయి. వాటి చుట్టూ చాలాకాలం పెద్ద పెద్ద పార్కింగ్ స్థలాలే మిగిలాయి. ఒకే రైలు, ఒకే కాలం, లైను వెళ్లిన దారి ఒక్కటే తేడా.

మా కాలనీ దగ్గర స్టేషన్ ఎందుకివ్వరు? ప్రతి సందు దగ్గరా ఆగితే నష్టమేంటి?

లెక్క వేసి చూద్దాం. 15 కిలోమీటర్ల దారిలో 400 మీటర్లకు ఒకటి చొప్పున ఆగితే సుమారు 37 స్టాపులు. వేగం తగ్గించి, ఆగి, మళ్లీ అందుకోవడానికి ఒక్కోదానికి 40 సెకన్లు అనుకుంటే 25 నిమిషాలు ఆగడానికే పోతాయి. కిలోమీటరుకు ఒకటి పెడితే 15 స్టాపులు, 10 నిమిషాలు. కొస నుంచి కొసకు వెళ్లే మనిషికి పావుగంట మిగిలింది. స్టాపులు దూరమైనందుకు రోడ్డు వెంట నడక సగటున 150 మీటర్లే పెరుగుతుంది, అంటే రెండు నిమిషాలు.

అయితే సగటు అందరికీ వర్తించదు. నడవలేని పెద్దవాళ్లకు, ఆసుపత్రికి వచ్చేవాళ్లకు ఆ 150 మీటర్లే పెద్ద దూరం. అందుకే ఆసుపత్రి, పెద్ద జంక్షన్ లాంటి చోట్ల దూరం లెక్క పక్కనపెట్టి స్టేషన్ ఇవ్వాలి. పక్క లేన్లలో ప్రతి స్టాపులో ఆగే మామూలు బస్సును కూడా కొనసాగించాలి.

## డ్రాయింగ్ మీద

బస్ లేన్ రోడ్డు మధ్యలో ఉండాలా, ఫుట్‌పాత్ పక్కనా?

చాలావరకు మధ్యలోనే. ఫుట్‌పాత్ పక్క లేన్‌లో సరుకు దించే లారీ, ఆగిన ఆటో, గేట్లోంచి బయటికొచ్చే కారు, పక్క సందులోంచి వచ్చే బైకు అన్నీ ఉంటాయి. పోలీసు నిలబడినంతసేపే ఆ లేన్ ఖాళీగా ఉంటుంది. ఒక పక్కంతా చెరువో రైలు పట్టాలో ఉండి సందులే లేకపోతే, ఆ పక్కనే రెండు దిశలూ వేయడం మంచిది.

మధ్యలో వేస్తే ప్రతి ప్రయాణికుడూ సగం రోడ్డు దాటాలి. స్టేషన్ దగ్గర రోడ్డు మట్టంలో జీబ్రా క్రాసింగ్, దానికి సిగ్నల్ తప్పనిసరి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టి వదిలేస్తే జనం డివైడర్ దూకుతారు, ప్రాణాలు పోతాయి.

రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి?

రెండు బస్ లేన్లకు 7 మీటర్లు, వాటిని వేరుచేసే గట్లకు 1, మామూలు వాహనాలకు నాలుగు లేన్లు 13, రెండు పక్కలా సైకిల్ దారులకు 4, ఫుట్‌పాత్‌లకు 5. మొత్తం 30 మీటర్లు. స్టేషన్ ఉన్నచోట ప్లాట్‌ఫామ్‌కు ఇంకో 4 కావాలి. బస్సులు ఒకదాన్నొకటి దాటే లేన్లు కావాలంటే అక్కడ మరో 7.

అంత లేకపోతే ఏదో ఒకటి తగ్గించాలి. అలవాటుగా ముందు కోసేది ఫుట్‌పాత్‌ని. దానికి మాత్రం ఒప్పుకోకండి. స్టేషన్‌కు నడిచి రాలేకపోతే మిగతా 25 మీటర్లు ఎంత బాగా కట్టినా బస్సు ఖాళీగానే తిరుగుతుంది. ఇరుకు ముక్క ఒకటో రెండో కిలోమీటర్లే అయితే మామూలు వాహనాలను పక్క వీధిలోకి వన్‌వేగా మళ్లించడం మేలు.

సిగ్నల్ దగ్గర బస్సు కూడా ఆగాల్సిందేనా?

అవసరం లేదు. వస్తున్న బస్సును గుర్తించి పచ్చ లైటును కొన్ని సెకన్లు పొడిగించవచ్చు, లేదా ముందే ఇవ్వవచ్చు. అయిదు నిమిషాలకో బస్సు వచ్చే దారిలో ఇది చక్కగా పనిచేస్తుంది. నిమిషానికో బస్సు వస్తే ప్రతిదానికీ అలా ఇవ్వలేం. అప్పుడు బస్ లేన్‌ను అడ్డంగా దాటే మలుపులు తీసేసి, ముందుకెళ్లి యూటర్న్ తీసుకునేలా చేసి, సిగ్నల్ వంతులు తగ్గించాలి.

భద్రత మర్చిపోకూడదు. లాస్ ఏంజెలెస్ శివారులో పాత రైలు మార్గం మీద 2005లో ఆరెంజ్ లైన్ బస్సు మొదలైంది. తెరిచిన కొత్తలో అడ్డ రోడ్ల దగ్గర కార్లు బస్సులను గుద్దుకోవడంతో, క్రాసింగుల దగ్గర బస్సులను బాగా నెమ్మదిగా నడపాల్సి వచ్చింది. కలిసొచ్చిన సమయంలో కొంత అక్కడే పోయింది.

పిల్లర్ల మీద వేస్తే కింద రోడ్డు ఎప్పటిలాగే ఉంటుంది కదా?

వాహనాలకు దాదాపు అలాగే ఉంటుంది. నడిచేవాళ్లకు ఉండదు. పిల్లర్ల వరసకు, దాని చుట్టూ గట్టుకు కొన్ని మీటర్లు పోతాయి. స్టేషన్ కాళ్లు, మెట్లు, లిఫ్టులు ఫుట్‌పాత్ మీదికి వస్తాయి. ఆ జంక్షన్లలో రేపు ఫ్లైఓవర్ వేయాలన్నా కష్టమే. మెట్లకు రోడ్డు పక్కన విడిగా స్థలం తీసుకుంటున్నారా అని డ్రాయింగ్ దశలోనే అడగండి. టికెట్ లేకుండానే స్టేషన్‌లోంచి రోడ్డు అటువైపు దాటనిస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

స్టేషన్ దాకా చేరేదెలా? పెద్ద పార్కింగ్ కడితే పోదా?

కారు నిలపడానికి, తిప్పడానికి కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. హెక్టారు స్థలంలో పట్టేవి నాలుగు వందల కార్లలోపే. ఒక్కో కారులో ఒక్కరే వస్తారు కాబట్టి స్టేషన్ పక్కనున్న అతి విలువైన హెక్టారు ఒక రైలుకు సరిపడా జనాన్ని కూడా ఇవ్వదు. లైను చివరి స్టేషన్‌లో, దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల కోసం పార్కింగ్ ఉండాలి. మధ్య స్టేషన్లలో సైకిళ్లకు, బైకులకు చోటు చాలు.

శివారులో అసలు అడ్డంకి వేరు. కాలనీలన్నీ ప్రహరీలతో, ఒకే గేటుతో ఉంటాయి. గోడ అవతల మూడు వందల మీటర్ల దూరంలో స్టేషన్ కనబడుతుంటుంది, చేరాలంటే మెయిన్ గేటు మీదుగా కిలోమీటరు పైనే నడవాలి. ఆ గోడలో మనిషి పట్టేంత చిన్న గేటు పెడితే వందల ఇళ్లు స్టేషన్‌కు దగ్గరవుతాయి. పైసా పెద్దగా ఖర్చు లేని ఇంత లాభం ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇంకోటి లేదు. కాలనీ సంఘాలు భద్రత గురించి భయపడతాయి, ఆ భయం సహజం. రాత్రి మూసేసి, పగలు తెరిచే ఏర్పాటుతో మొదలుపెట్టవచ్చు. కొత్త లేఅవుట్లకైతే అనుమతి ఇచ్చేటప్పుడే మెయిన్ రోడ్డు వైపు నడక దారి ఉండాలని షరతు పెట్టాలి.

బీఆర్‌టీకి ఇంకో వెసులుబాటు ఉంది. గ్వాంగ్‌ఝౌలో బస్సులు కాలనీల్లో జనాన్ని ఎక్కించుకుని, విడి దారిలోకి వచ్చి, మళ్లీ బయటికి వెళ్లిపోతాయి. బండి మారే పనే ఉండదు.

## స్థలం, డబ్బు

మా ఇల్లో షాపో పోతుందా? ఎప్పుడు తెలుస్తుంది?

పేపర్లో వచ్చే రూట్ మ్యాపు చూసి ఏమీ తేల్చుకోకండి. స్థలం ఎక్కువగా పోయేది స్టేషన్ల దగ్గర, మలుపుల దగ్గర, డిపో దగ్గర. సర్వే నంబర్లతో హద్దులు చూపించే డ్రాయింగ్ వచ్చినప్పుడే స్పష్టత వస్తుంది. దాన్ని బహిరంగంగా పెట్టమని రాతపూర్వకంగా అడగండి. ఇంట్లో కొంత భాగమే పోతుంటే, మిగిలినది వాడుకునేలా ఉంటుందా అన్నది పరిహారంలో లెక్కకు రావాలి. అద్దెకున్న దుకాణదారుల పేర్లు కూడా మొదటి సర్వేలోనే నమోదు కావాలి. యజమానికి డబ్బు వస్తుంది, జీవనం పోయేది చాలాసార్లు అద్దెదారుకు.

లైను వస్తుందని భూముల ధరలు పెరిగిపోతున్నాయి. ఆ లాభంలో ప్రాజెక్టుకు వాటా రాదా?

ముందే ఏర్పాటు చేసుకుంటే వస్తుంది. హాంకాంగ్‌లో మెట్రో సంస్థ స్టేషన్ల మీద, పక్కన భవనాల అభివృద్ధి హక్కులు తీసుకుని, రైలు లేనప్పటి ధరకు ప్రభుత్వానికి డబ్బు కడుతుంది. రైలు వచ్చాక పెరిగే విలువతో నిర్మాణ ఖర్చులో కొంత తిరిగి రాబట్టుకుంటుంది. లండన్‌లో క్రాస్‌రైల్ అనే కొత్త రైలు లైను కోసం పెద్ద వాణిజ్య భవనాల మీద 2010 నుంచి అదనపు పన్ను వేశారు. ప్రకటన ముందు చేసి, పన్ను ఆలోచన తర్వాత చేస్తే లాభం అప్పటికే చేతులు మారిపోతుంది.

స్టేషన్ పక్క భూముల్లో కొంత భాగం తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు కేటాయించడం కూడా అప్పుడే జరగాలి. రోజూ బస్సు, రైలు ఎక్కేది ఎక్కువగా వాళ్లే. ధరలు పెరిగి వాళ్లు ఇంకా దూరం వెళ్లిపోతే లైను ఎవరి కోసం?

కట్టడానికి డబ్బు దొరికింది. నడపడానికి ఎవరిస్తారు?

ఇది మంజూరుకు ముందే అడగాలి. టికెట్ డబ్బుతోనే నడిచే వ్యవస్థలు ప్రపంచంలో తక్కువ. పురపాలక సంస్థ, రాష్ట్రం, కేంద్రం ఎవరు ఎంత, ఎన్నేళ్లు భరిస్తారో కాగితం మీద ఉండాలి.

నడిపే ఖర్చును విడి దారే తగ్గిస్తుందని చాలామందికి తట్టదు. ఒక బస్సు వెళ్లి రావడానికి 100 నిమిషాలు పడితే, అయిదు నిమిషాలకో బస్సు ఇవ్వడానికి 20 బస్సులు కావాలి. ట్రాఫిక్ తప్పించి 75 నిమిషాల్లో తిప్పగలిగితే 15 చాలు. అయిదు బస్సులు, వాటి డ్రైవర్ల జీతాలు, డీజిలో కరెంటో ప్రతిరోజూ మిగులుతాయి.

## పనులు జరుగుతున్నప్పుడు

రోడ్డు తవ్వేస్తే మా వ్యాపారం ఏం కావాలి?

నష్టం ఉంటుంది, లేదని చెప్పేవాళ్లను నమ్మకండి. దాన్ని తగ్గించే దారులు మాత్రం ఉన్నాయి. మొత్తం రోడ్డు ఒకేసారి తవ్వకుండా చిన్న ముక్కలుగా పూర్తి చేస్తూ పోవాలి. ప్రతి దుకాణానికి నడిచే దారి, సరుకు దించే వేళ ఉండాలి. ఒక ముక్కలో పని ఎన్ని వారాలన్నది బోర్డు మీద రాసి పెట్టాలి, దాటితే కాంట్రాక్టరుకు జరిమానా ఉండాలి. ఈ షరతులన్నీ టెండరులో ఉంటేనే అమలవుతాయి. పని మొదలయ్యాక వేడుకుంటే దొరకవు.

ఎందుకింత ఆలస్యం, ఇంత ఖర్చు పెరగడం?

నేల కింద ఏముందో ఎవరికీ సరిగ్గా తెలియకపోవడం పెద్ద కారణం. నీటి పైపు ఒక శాఖది, కరెంటు కేబుల్ ఇంకో శాఖది, పాత మురుగు కాలువ ఏ మ్యాపులోనూ ఉండదు. టెండరుకు ముందే అక్కడక్కడా గుంతలు తవ్వి చూస్తే చాలా తగాదాలు తప్పుతాయి. రెండో కారణం, భూమి మొత్తం చేతికి రాకుండానే పని మొదలుపెట్టడం. అంచనాలే తక్కువ వేయడం మూడోది: ఫ్లివ్‌బ్యర్గ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో రైలు ప్రాజెక్టుల ఖర్చు సగటున 45 శాతం పెరిగింది.

బస్ లేన్ తారుతో వేస్తే చాలదా?

స్టేషన్ల దగ్గర చాలదు. ఒకే గీతలో బరువైన బస్సులు వేలసార్లు బ్రేకు వేస్తే తారు కుంగి గాడులు పడతాయి, బస్సు నేలకూ ప్లాట్‌ఫామ్‌కూ ఎత్తు తేడా వస్తుంది. అక్కడ కాంక్రీటు వేయాలి, అదీ కింద పొర సరిగ్గా కుదిరాకే. బొగోటాలో మొదటి కారిడార్లలో ఒకదాని కాంక్రీటు పలకలు కింద నింపిన పదార్థం లోపం వల్ల కొద్ది కాలానికే పగిలి, మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి.

## బండ్లు తిరగడం మొదలయ్యాక

మొదటి నెలల్లో సగం ఖాళీగా తిరుగుతున్నాయి. ఫెయిలైనట్టేనా?

కాదు. జనం రోజూ వెళ్లే దారిని ఊరికే మార్చుకోరు. ఉద్యోగం మారినప్పుడో ఇల్లు మారినప్పుడో, పిల్లలు కాలేజీలో చేరినప్పుడో కొత్త దారి వెతుక్కుంటారు. అన్నిటికన్నా ప్రమాదం ఖాళీగా ఉన్నాయని ట్రిప్పులు తగ్గించడం. పది నిమిషాలకోసారి వచ్చే బస్సును అరగంటకోసారి చేస్తే, నమ్ముకుని వచ్చిన కొద్దిమందీ పోతారు.

ప్రత్యేక లేన్‌లోకి బైకులు, కార్లు దూరుతున్నాయి. ఎలా ఆపాలి?

మొదటి వారం నుంచే ఆపాలి. ఒకసారి అలవాటైతే తీయడం కష్టం. లేన్ మొదట్లోనే ఆపే సిబ్బంది, నంబరు ప్లేటు చదివే కెమెరాలు, దూకలేనంత ఎత్తు గట్టు కావాలి. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బీఆర్‌టీ 2008లో మొదలై, 2016లో తొలగింపుకు గురైంది. పక్క లేన్లలో సిగ్నళ్ల దగ్గర కార్లు చాలాసేపు నిలిచిపోవడం, బస్ లేన్‌లోకి చొరబాట్లు, ముక్కగానే మిగిలిపోయిన దారి అన్నీ కలిసి దాన్ని దెబ్బతీశాయి. బస్సులో వెళ్లినవాళ్లకు అది మేలు చేసింది, కానీ వాళ్ల మాట పెద్దగా వినిపించలేదు. 2009లో మొదలైన అహ్మదాబాద్ జన్‌మార్గ్ బీఆర్‌టీలో రోడ్డు మధ్య మూసిన స్టేషన్లు, స్పష్టమైన గట్లు పెట్టారు.

రాత్రి ఆడవాళ్లు భయం లేకుండా వెళ్లగలరా?

స్టేషన్ లోపల కెమెరాలు పెట్టి ఊరుకుంటే చాలదు. భయం స్టేషన్ బయట, ఇంటిదాకా నడిచే ఆరేడు వందల మీటర్లలో ఉంటుంది. ఆ దారిలో వీధి దీపాలు, తెరిచి ఉండే దుకాణాలు కావాలి. రాత్రి తొమ్మిది దాటాక ఫీడర్ బస్సును అడిగిన చోట ఆపే పద్ధతి పెట్టాలి. చివరి బండి టైము ఆ రోడ్డు మీది ఆసుపత్రుల, కంపెనీల షిఫ్టు ముగిశాక ఉండాలి, ముందు కాదు.

లైను ఇంకో పది కిలోమీటర్లు పొడిగిస్తారట. సంతోషించాలా?

కొత్త చివర్లో ఉన్నవాళ్లకు సంతోషమే. మధ్యలో ఉన్నవాళ్లు ముందు ఒక లెక్క అడగాలి. పొడిగించాక ఉదయం పూట బండ్లు పాత చివరి స్టేషన్‌కే నిండి వస్తాయి. మధ్య స్టేషన్లలో జనం రెండు మూడు బండ్లు వదిలేయాల్సి వస్తుంది. పొడిగింపుతో పాటు కొత్త బండ్లు కొంటున్నారా, రద్దీ వేళ మధ్యలో నుంచి ఖాళీగా బయలుదేరే ట్రిప్పులు పెడుతున్నారా, అందుకు బండి వెనక్కి తిరిగే చోటు పాత చివరి స్టేషన్ దగ్గర ఉంచుతున్నారా అని అడగండి. కొత్త పట్టా వేసేటప్పుడు ఆ మలుపు చోటును పీకేయడం మామూలుగా జరుగుతుంది. తర్వాత మళ్లీ పెట్టాలంటే నడుస్తున్న లైను ఆపాలి.